లంబసింగి చలి వేరు, ఎడ్మంటన్ చలి వేరు

విశాఖ సీతమ్మధార నుంచి ఒక తల్లి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆవిడ లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. భర్త స్టీల్ ప్లాంటులో ఎలక్ట్రికల్ విభాగంలో 32 ఏళ్లు పనిచేశారు. ఒక్కడే కొడుకు. కెనడాలోని ఎడ్మంటన్‌లో ఉద్యోగం, అద్దె అపార్ట్‌మెంటులో కాపురం. కోడలికి జనవరి నెలాఖరున డెలివరీ అన్నారు. వాళ్ల పాత పెట్రోలు కారు కిందటి చలికాలమే మొరాయించింది. బిడ్డ పుట్టేలోపు మంచి కారు కొనాలి. తండ్రి 12 లక్షలు సాయం చేస్తానన్నారు, అయితే ఎలక్ట్రిక్ కారు కొంటేనే. కొడుకేమో హైబ్రిడ్, అంటే పెట్రోలు ఇంజిన్‌తో పాటు చిన్న బ్యాటరీ, మోటారు ఉండే కారు అంటున్నాడు.

తండ్రి పట్టుదలకు కారణం ఉంది. 2023లో ఆయన ఎలక్ట్రిక్ కారు కొన్నారు. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా వెళ్లి రావడం ఆయనకు ఇష్టం. కిందటి జనవరిలో లంబసింగి కూడా తీసుకెళ్లారు. తెల్లవారుజామున 6 డిగ్రీల చలిలో కారు కిక్కురుమనకుండా ఘాట్ ఎక్కింది. “అంత చలిలో నడిచింది. నార్వేలో జనమంతా ఇవే నడుపుతున్నారు. వీడికొక్కడికే ఏమొచ్చింది?” అన్నది ఆయన వాదన. ఒక ఆదివారం వీడియో కాల్‌లో మాట పెరిగింది. “32 ఏళ్లు కరెంటుతో కాపురం చేసినవాణ్ని, నాకు నువ్వు బ్యాటరీ పాఠం చెబుతావా?” అని తండ్రి. “ఒక్క జనవరి ఇక్కడికొచ్చి చూడండి నాన్నా, అప్పుడు చెప్పండి” అని కొడుకు. మూడు వారాలుగా మాటల్లేవు. “వాడు రోజూ ఫోన్ చేసి నాన్న భోంచేశారా అని నన్నడుగుతాడు. ఈయన పక్క గదిలోంచి వింటూనే ఉంటారు. ఫోన్ నా చేతిలోంచి ఆయన చేతికి వెళ్లడం లేదు” అని రాశారు.

డిసెంబరులో పురుడు పోయడానికి ఆవిడ వెళ్తున్నారు. భర్త తను రానంటున్నారు. ఆవిడ అడిగినవి మూడు. ఇద్దరిలో ఎవరి మాట సరైనది? నా సొంత డబ్బు ఆయనకు తెలియకుండా వాడికి పంపేయనా? అంత చలిలో పసిబిడ్డను ఏ కారులో తిప్పినా భయమే కదా, ఏం చేయాలి?

అమ్మా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించిన మాట మూడో పేజీ అంచున ఉంది. పెద్దగా పట్టించుకోకుండా రాసినట్టున్నారు. “వాడి పార్కింగులో కారుకు ఏదో ప్లగ్గు ఉందట, దానికే చార్జింగ్ పెట్టుకోమంటున్నారు ఈయన.” మీ ఇంటి గొడవ సగం ఆ ప్లగ్గు దగ్గరే ఉంది. దాని సంగతి ముందు చెబుతాను.

నేను ఒక చలికాలం మా అమ్మాయి దగ్గర విన్నిపెగ్‌లో గడిపాను. అదీ ఎడ్మంటన్‌లాగే కెనడా మైదానాల్లోని ఊరు. మొదటి రోజు పార్కింగులో కార్లు చూసి ఆశ్చర్యపోయాను. ప్రతి పెట్రోలు కారుకూ ముందు గ్రిల్‌లోంచి మూడు పిన్నుల వైరు ఒకటి బయటికి వేలాడుతోంది. ఎదురుగా వరసగా పొట్టి స్తంభాలు, వాటికి ప్లగ్గు పాయింట్లు. రాత్రి కారు ఆపగానే ఆ వైరు తీసుకెళ్లి గుచ్చుతారు. అది చార్జింగ్ కోసం కాదు. ఇంజిన్‌లో చిన్న హీటరు ఉంటుంది, బ్లాక్ హీటర్ అంటారు. రాత్రంతా అది ఇంజిన్‌ను కాస్త వెచ్చగా ఉంచితేనే పొద్దున్న కారు స్టార్టవుతుంది. మైనస్ 31 ఉన్న ఒక ఉదయం మా అల్లుడు ఆ వైరు ఊడదీస్తే అది కర్రలా బిగుసుకుపోయి ఉంది, చుట్టడానికి వంగలేదు. కారు కదిలాక మొదటి రెండు వీధులూ టైర్లు దడదడలాడాయి. ఒకే చోట నిలబడి ఉన్న టైరు ఆ చలికి కింద పలకలా గట్టిపడిపోతుందని, తిరిగి వేడెక్కితే గుండ్రంగా అవుతుందని అతను చెప్పాడు. అలాంటి చోట కారు కొనడం గురించి మనం మాట్లాడుకుంటున్నాం.

మీ అబ్బాయి పార్కింగులో ఉన్నది బహుశా ఆ బ్లాక్ హీటర్ ప్లగ్గే. మీరు లెక్కల టీచరు కాబట్టి లెక్క మీ ముందే పెడతాను. మీ వారు ఇంట్లో కారుకు వాడే 15 ఆంపియర్ల పాయింటు మన 230 వోల్టుల మీద గంటకు దాదాపు 3.3 యూనిట్లు ఇస్తుంది. రాత్రి తొమ్మిది గంటలు పెడితే పాతిక యూనిట్లకు పైనే బ్యాటరీలోకి వెళ్తుంది. అక్కడి ఇళ్లలో మామూలు పాయింటు 120 వోల్టులే. అదీ గంటలతరబడి వాడేటప్పుడు 12 ఆంపియర్లకు మించి లాగకూడదు. అంటే గంటకు సుమారు 1.4 యూనిట్లు, పది గంటలకు 14. నడి చలికాలంలో రోజుకు 40 కిలోమీటర్లు తిరిగితే కారు 12 యూనిట్ల దాకా తినేస్తుంది. పైగా మైనస్ 25లో ఆరుబయట నిలబడిన కారు వచ్చిన కరెంటులో చాలా భాగం తన బ్యాటరీని వెచ్చబెట్టుకోవడానికే వాడుకుంటుంది. ఇంకొక చిక్కు కూడా ఉంది. చాలా అపార్ట్‌మెంట్లలో ఆ ప్లగ్గులకు టైమర్లు ఉంటాయి. కాసేపు వస్తుంది, కాసేపు పోతుంది. బ్లాక్ హీటరుకు అది చాలు, కారు నింపడానికి చాలదు. ఓనరు ఒప్పుకుంటాడా లేదా అన్నది తర్వాతి ప్రశ్న.

మీ వారు ప్లగ్గు అన్నప్పుడు ఆయన కళ్ల ముందున్నది మీ ఇంటి ప్లగ్గు. మీ అబ్బాయి ప్లగ్గు అన్నప్పుడు వాడి కళ్ల ముందున్నది మంచులో నిలబడిన ఆ పొట్టి స్తంభం. ఒకే మాట వాడుతూ ఇద్దరూ రెండు వస్తువుల గురించి పోట్లాడుకుంటున్నారు.

ఇప్పుడు చలి సంగతి. లంబసింగిలో 6 డిగ్రీలంటే మనకు స్వెట్టరు, మఫ్లరు, మంట. బ్యాటరీకి మాత్రం అది పెద్ద చలి కాదు. దానికి అసలు కష్టం సున్నా దాటి కిందికి దిగాక మొదలవుతుంది. బ్యాటరీ లోపల లిథియం అయాన్లు ఒక ద్రవంలోంచి అటూ ఇటూ ప్రయాణిస్తాయి. చలికి ఆ ద్రవం చిక్కబడుతుంది. జనవరి పొద్దున్న మన సీసాలో కొబ్బరినూనె ఎంత బతిమాలినా కిందికి జారదు చూడండి, కొంచెం అలాగన్నమాట. ఇది గడ్డకట్టదు గానీ మందగిస్తుంది. గడ్డకట్టే చలిలో ఉన్న బ్యాటరీని వేగంగా చార్జ్ చేస్తే లిథియం లోపలికి ఇంకకుండా పైన లోహపు పొరలా పేరుకుంటుంది. ఆ నష్టం మళ్లీ పూడదు. అందుకే కారులోని కంప్యూటరు, బ్యాటరీ వెచ్చబడేదాకా చార్జింగ్‌ను బిగబట్టి ఉంచుతుంది. వేసవిలో అరగంటలో అయ్యే ఫాస్ట్ చార్జింగ్ అక్కడ చలిలో గంట దాటడం ఇందుకే. 2024 జనవరిలో షికాగోలో చలి విరుచుకుపడినప్పుడు చార్జింగ్ స్టేషన్ల దగ్గర కార్లు బారులు తీరిన ఫొటోలు మీ అబ్బాయి చూసే ఉంటాడు.

అంతకంటే పెద్ద ఖర్చు హీటరుది. పెట్రోలు ఇంజిన్ తాగే ఇంధనంలో సగానికి పైగా వేడి రూపంలో వృథా అవుతుంది. ఆ వృథా వేడితోనే కారు లోపల వెచ్చగా ఉంటుంది, దానికి వేరే ఖర్చు లేదు. ఎలక్ట్రిక్ మోటారు దాదాపు ఏదీ వృథా చేయదు. అది దాని గొప్పతనమే, కానీ చలి దేశంలో ఆ గొప్పతనానికి వెల కట్టాలి. లోపలి వేడి మొత్తం బ్యాటరీలోంచే తీయాలి. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2019లో ఐదు ఎలక్ట్రిక్ కార్లను పరీక్షించింది. మైనస్ 7 డిగ్రీల దగ్గర హీటర్ వేయకుండా నడిపితే రేంజ్, అంటే ఒకసారి చార్జ్ చేస్తే వెళ్లే దూరం, సగటున 12 శాతం తగ్గింది. హీటర్ వేసి నడిపితే 41 శాతం. ఈ తేడా చూశారా, పడిపోయినదాంట్లో ఎక్కువ వాటా హీటరుదే. ఆ రోజుల తర్వాత, బయటి గాలిలోని వేడిని లోపలికి లాగే హీట్ పంప్ ఉన్న కార్లు ఎక్కువయ్యాయి, వాటిలో నష్టం తక్కువ. కానీ బయట మైనస్ 20, 30 ఉన్నప్పుడు హీట్ పంప్‌కు కూడా లాగడానికి వేడి పెద్దగా మిగలదు. ఆ పైన మామూలు హీటరే గతి.

అదే పరీక్షలో మీ వారికి చూపించదగ్గ ఇంకో అంకె ఉంది. 35 డిగ్రీల ఎండలో ఏసీ వేసి నడిపినప్పుడు రేంజ్ 17 శాతం తగ్గింది. అది మన విశాఖ మే నెల. ఆ నష్టం ఆయన ఏటా భరిస్తూనే ఉన్నారు. రోజుకు 30, 40 కిలోమీటర్లు తిరిగి రాత్రికి ఇంట్లో పెట్టుకుంటారు కాబట్టి ఎప్పుడూ కష్టమనిపించలేదు. ఇంట్లో చార్జింగ్ ఉన్నవాడికి రేంజ్ తగ్గడం ఒక అంకె. లేనివాడికి అది రోజూ టెన్షనే.

నార్వే మాట అబద్ధం కాదు. 2024లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 89 శాతం ఎలక్ట్రిక్‌వే. చలి దేశంలో ఎలక్ట్రిక్ కారు పనికిరాదని మీ అబ్బాయి అనుంటే ఆ మాట తప్పు, దాన్ని నేను వెనకేసుకు రాను. కానీ నార్వే అక్కడిదాకా ఎలా వచ్చిందో చూడాలి. కొనుగోలు పన్నులూ వ్యాట్ దశాబ్దాలపాటు మాఫీ చేశారు. చాలామంది రాత్రి ఇంటి దగ్గరే చార్జ్ చేసుకుంటారు. ఫాస్ట్ చార్జర్లు దేశమంతా దట్టంగా ఉన్నాయి. జనం ఎక్కువగా ఉండే ఓస్లో వైపు జనవరి సగటు చలి సున్నాకు కొద్ది డిగ్రీల కిందే తిరుగుతుంది. ఎడ్మంటన్‌లో మైనస్ 30 వరసగా కొన్ని రోజులుండటం కొత్తేమీ కాదు. 2024 జనవరిలో అక్కడి విమానాశ్రయం దగ్గర మైనస్ 45 దాటింది. అదే నెల 13న ఎడ్మంటన్ ఉన్న ఆల్బర్టా రాష్ట్రంలో కరెంటు చాలక, వాడకం తగ్గించుకోమని అందరి ఫోన్లకూ అత్యవసర హెచ్చరిక వెళ్లింది. ఎలక్ట్రిక్ కారు చార్జింగూ బ్లాక్ హీటరూ రెండూ కాసేపు ఆపమన్నారు. అంటే ఆ రాత్రి పెట్రోలు కారువాళ్లకూ ఇబ్బందే. ఇది మీ ఇంట్లో ఏ ఒక్కరి పక్షమూ కాదు.

మనం మాత్రం చూడలేదా? 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్లో రోజులతరబడి కరెంటు లేదు, పెట్రోలు బంకుల ముందు క్యూలు మైళ్ల పొడవు. బంకులోంచి పెట్రోలు తోడాలన్నా కరెంటే కావాలి.

మీ అబ్బాయి చెప్పని మాట కూడా ఒకటి ఉంది. హైబ్రిడ్ కూడా చలికి లొంగుతుంది. మైలేజీలో అది మామూలు పెట్రోలు కారుకంటే ఎక్కువే నష్టపోతుంది. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం 25 డిగ్రీలతో పోలిస్తే మైనస్ 7లో సిటీ డ్రైవింగులో పెట్రోలు కారు మైలేజీ 15 శాతం తగ్గితే, హైబ్రిడ్‌కు 30 నుంచి 34 శాతం తగ్గొచ్చు. కారణం తేలికే. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపేసి బ్యాటరీ మీద నడవడంలోనే హైబ్రిడ్ ఆదా ఉంది. లోపల మనుషులకు వెచ్చదనం కావాలంటే ఇంజిన్ తిరుగుతూనే ఉండాలి. నాలుగైదు కిలోమీటర్ల చిన్న ప్రయాణాలకైతే ఇంజిన్ వేడెక్కేలోపే ఇల్లొచ్చేస్తుంది. దానికీ బ్లాక్ హీటర్ పెట్టుకోవాలి. లాభమేమిటంటే, ఎంత చలిలోనైనా ఐదు నిమిషాల్లో ట్యాంకు నిండుతుంది. మైలేజీ తగ్గితే డబ్బు పోతుందంతే, దారిలో ఆగిపోరు. ఎడ్మంటన్ నుంచి కాల్గరీ 300 కిలోమీటర్లు. 400 కిలోమీటర్ల రేంజ్ ఉందని చెప్పే ఎలక్ట్రిక్ కారు ఆ 41 శాతం లెక్కన 236 మాత్రమే వెళ్తుంది. మధ్యలో రెడ్ డీర్ అనే ఊరి దగ్గర ఆగి చార్జ్ చేసుకోవాలి. ఆగొచ్చు, జనం ఆగుతున్నారు కూడా. పసిబిడ్డతో, మైనస్ 25లో, మన ముందు ఇంకో మూడు కార్లున్నప్పుడు ఆ ఆగడం ఎలా ఉంటుందో మీ కోడలిని అడగండి. ఈ ఉత్తరంలో ఆ అమ్మాయి మాట ఒక్కటీ లేదు. కారులో వెనక సీట్లో బిడ్డ పక్కన కూర్చోబోయేది తనే కదా.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు నా జవాబు: ఈ చలికాలానికి, ఈ అపార్ట్‌మెంటుకు మీ అబ్బాయి మాట దగ్గరగా ఉంది. ఇల్లు మారితే మీ వారి మాట దగ్గరగా వస్తుంది. కారు ఏదన్నదానికంటే అది రాత్రి ఎక్కడ పడుకుంటుందన్నదే అక్కడ ముఖ్యం.

మీ ముందున్న దారులు, వాటి వెంట వచ్చేవి చెబుతాను. ఎంచుకోవాల్సింది వాళ్లు.

హైబ్రిడ్ కొంటే ఈ జనవరికి నిశ్చింత. పెట్రోలు ఖర్చు చలికాలంలో వాడు అనుకున్నదానికంటే ఎక్కువొస్తుంది, అది ముందే తెలిసి ఉండాలి. కొత్త కారంటే ఎనిమిదో పదో ఏళ్లు ఉంచుకుంటారు. రెండేళ్లలో గ్యారేజీ ఉన్న ఇల్లు కొంటే, ఎలక్ట్రిక్ తీసుకుని ఉండాల్సిందేమో అనిపించవచ్చు. ఇంకొక జాగ్రత్త. హైబ్రిడ్ అన్న పేరు షోరూముల్లో రకరకాల వాటికి వాడతారు. బ్యాటరీ మీద ఒక్క అడుగైనా కదలని మైల్డ్ హైబ్రిడ్‌ను కూడా ఆ పేరుతోనే అమ్ముతారు. కేవలం మోటారు మీద నడవగలదా అని అడిగి కొనమనండి.

ఎలక్ట్రిక్ కొనాలంటే ముందు కాగితం కావాలి. పార్కింగులో 240 వోల్టుల చార్జర్ పెట్టుకోవడానికి ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, లేదా వాడి ఆఫీసులో రోజూ ఖాయంగా చార్జింగ్ దొరకాలి. ఆ రెండింట్లో ఒకటి ఉంటే నేను ఎలక్ట్రిక్‌కు అడ్డు చెప్పను. హీట్ పంప్ ఉన్న మోడల్ చూడాలి. రేంజ్ సగానికి పడినా పనులు జరిగేంత పెద్ద బ్యాటరీ ఉండాలి. ప్లగ్గులో ఉండగానే బ్యాటరీనీ లోపలినీ వేడి చేసుకుని బయల్దేరే అలవాటు చేసుకోవాలి. సీటు హీటర్లు, స్టీరింగ్ హీటర్ చాలా తక్కువ కరెంటు తాగుతాయి, వాటిని ఎక్కువ వాడాలి. ఆల్బర్టాలో 2025 నుంచి ఎలక్ట్రిక్ కారుకు ఏటా 200 డాలర్ల పన్ను కూడా ఉంది, అది లెక్కలో వేసుకోవాలి. ఆ కాగితం లేకుండా, రోడ్డు మీది చార్జర్లనే నమ్ముకుని కొంటే మాత్రం మొదటి చలిగాలికే ఇంట్లో పోట్లాటలు మొదలవుతాయి. ఈసారి భార్యాభర్తల మధ్య.

మూడోది ప్లగ్-ఇన్ హైబ్రిడ్. మీ ఉత్తరంలో దీని ప్రస్తావన లేదు. పెట్రోలు ఇంజిన్‌తో పాటు కాస్త పెద్ద బ్యాటరీ ఉంటుంది, గోడకు పెట్టి చార్జ్ చేసుకోవచ్చు. ఇందాక లెక్కేసిన ఆ 14 యూనిట్లు పెద్ద ఎలక్ట్రిక్ కారుకు చాలవు గానీ, ఇలాంటి కారు బ్యాటరీని చాలావరకు నింపేస్తాయి. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఊళ్లో తిరుగుడు చాలావరకు కరెంటు మీదే సాగిపోతుంది. గడ్డకట్టే చలిలో హీటర్ వేయగానే చాలా మోడళ్లలో ఇంజిన్ దానంతటదే స్టార్టవుతుంది, అప్పుడది మామూలు హైబ్రిడ్ కిందే లెక్క. ధర ఎక్కువ. తండ్రీ కొడుకుల మధ్య రాజీ కోసం మాత్రం దీన్ని కొనొద్దు. ఆ ప్లగ్గు వాడుకోనివ్వకపోతే బరువైన బ్యాటరీని ఊరికే మోసుకు తిరిగినట్టే.

ఇవేవీ తేల్చుకోలేకపోతే రెండు మూడేళ్లకు లీజు తీసుకోవచ్చు, లేదా చేయి తిరిగిన మెకానిక్‌కు చూపించి పాత హైబ్రిడ్ కొనుక్కోవచ్చు. సొంత ఇంటికి మారాక మీ వారి కోరిక ప్రకారం ఎలక్ట్రిక్ తీసుకోవచ్చు. అప్పుడు దానికి అక్కడ ఒక మంచి సుఖం కూడా ఉంది. తలుపు వేసిన గ్యారేజీలో పెట్రోలు ఇంజిన్ ఆన్ చేసి వేడెక్కించకూడదు, విషవాయువు నిండి ప్రాణం పోతుంది. ఎలక్ట్రిక్ కారును అక్కడే, ప్లగ్గులో ఉండగానే వెచ్చబెట్టుకుని బిడ్డను ఎక్కించుకోవచ్చు.

బిడ్డ గురించి మీ భయం న్యాయమైనదే. అయినా అక్కడ లక్షల మంది పిల్లలు చలికాలంలో పుట్టి, కారులోనే ఇంటికొస్తున్నారు. కారు రకం కంటే ముఖ్యమైనవి వేరే ఉన్నాయి. మొదటిది వింటర్ టైర్లు. మామూలు టైరు రబ్బరు ఆ చలికి గట్టిపడి మంచు మీద జారుతుంది, వింటర్ టైరు మెత్తగా ఉండి పట్టు నిలుపుకుంటుంది. ఎలక్ట్రిక్ అయినా హైబ్రిడ్ అయినా, నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే కారైనా బ్రేకు వేస్తే ఆపేది టైరే. రెండోది బిడ్డ సీటు. మనవాళ్లు చలికని మందపాటి కోటు వేసి బెల్టు పెడతారు. కోటు కింద బెల్టు వదులుగా ఉండిపోతుంది, దెబ్బ తగిలితే బిడ్డ జారిపోవచ్చు. పల్చటి బట్టలతోనే బెల్టు బిగించి, దాని మీద దుప్పటి కప్పాలి. ఈ ఒక్కటీ మీరు వెళ్లేలోపు బాగా గుర్తుపెట్టుకోండి. మూడోది, ఎప్పుడైనా మంచులో ఇరుక్కుంటే పెట్రోలు కారు, హైబ్రిడ్ రెండింటిలోనూ ఇంజిన్ ఆన్‌లో పెట్టే ముందు వెనక పొగ గొట్టం మంచుతో మూసుకుపోలేదని దిగి చూడాలి. ఎలక్ట్రిక్ కారుకు ఆ గండం లేదు. సగం బ్యాటరీ ఉన్నా గంటలతరబడి లోపల వెచ్చగా ఉంచగలదు. ఈ విషయంలో మీ వారిదే పైచేయి.

ఇక డబ్బు. ఆయనకు తెలియకుండా పంపొద్దమ్మా. మీ డబ్బు మీ ఇష్టం, అందులో సందేహం లేదు. కానీ మీవాడు కారు కొన్న రోజు ఫొటో పెడతాడు. డబ్బు ఎక్కడిదని ఆయన అడుగుతారు. కొడుకు తన మాట వినలేదన్న బాధ ఇప్పటికే ఉంది. భార్య కూడా దాచిందన్న బాధ దానికి తోడైతే, అది కారు అమ్మేశాక కూడా పోదు. చెప్పి పంపండి. “మీరు ఇచ్చేది ఇవ్వండి, మానేయండి, నా సగం నేను పంపుతున్నాను” అని ఎదురుగా చెప్పడం కష్టమే, కానీ అందులో ఎవరికీ అవమానం లేదు. ఇంకొక ఆచరణ సంగతి: ఒకరి పాన్ మీద ఏడాదిలో 10 లక్షలు దాటి విదేశానికి బహుమతిగా పంపితే, దాటిన దాని మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటుంది. 12 లక్షలు ఆయనొక్కరే పంపితే 40 వేలు ముందు కట్టి, రిటర్ను వేశాక వెనక్కి తెచ్చుకోవాలి. ఇద్దరూ చెరో ఆరు మీమీ ఖాతాల్లోంచి పంపితే ఆ గొడవే ఉండదు. కానుకకు షరతు పెట్టాలా వద్దా అన్నది ఆయన ఇష్టం. షరతు పెడితే వాడు ఆ డబ్బు వద్దని అప్పు చేసి కొనుక్కుంటాడు. మీరు రాసినదాన్ని బట్టి వాడికి ఆ పట్టుదల తండ్రి నుంచే వచ్చింది.

మీ వారి మనసు నాకు అర్థమవుతుంది. బతుకంతా కరెంటుతో పనిచేసిన మనిషికి, రిటైరయ్యాక కరెంటు కారు నడపడం తన పనికి దొరికిన గౌరవంలా ఉంటుంది. అది కొడుక్కి కూడా ఇవ్వాలనుకున్నారు. వాడు వద్దనగానే కారును కాదు, తనను వద్దన్నట్టు వినిపించింది. వాడి వైపు చూస్తే, ఎవరి సాయం లేకుండా అన్ని చలికాలాలు గడిపాడు. పొద్దున్న చీకట్లో వేళ్లు కొంకర్లు పోతుంటే అద్దం మీది మంచు గీకాడు. ఆ కష్టం గురించి నాన్న ఒక్కసారైనా అడగకుండా, లంబసింగి పోలిక తెచ్చేసరికి వాడికి ఎక్కడో గుచ్చుకుంది.

అందుకని మధ్యలో మీరు తీర్పు చెప్పొద్దు. నేను రాసింది ఆయనకు చదివి వినిపించొద్దు కూడా. ఈ వారం మీవాడికి ఒక్క పని చెప్పండి. ఆ పార్కింగు ప్లగ్గుకు ఫొటో తీసి పంపమనండి, దాని మీద వోల్టులు, ఆంపియర్లు రాసి ఉంటే అవి కనిపించేలా. కరెంటు ఎన్ని గంటలు వస్తుందో, టైమర్ ఉందో లేదో కూడా కనుక్కోమనండి. ఆ ఫొటో మీ వారికి ఏ వ్యాఖ్యానం లేకుండా చూపించి, “దీనితో రాత్రికి ఎంత ఎక్కుతుందో కాస్త లెక్కేసి చెప్పండి” అనండి. 120 అన్న అంకె చూడగానే 32 ఏళ్ల ఎలక్ట్రికల్ మనిషికి మిగతాది ఎవరూ చెప్పక్కర్లేదు. లెక్క చూసి, “దీనికి బదులు 240 లైను లాగించుకోమను, ఓనరుకు నేను డ్రాయింగు వేసిస్తాను” అని ఆయన అనొచ్చు. అంటే అననివ్వండి. అది మంచి మాటే, ఓనరు ఒప్పుకుంటే ఆ దారీ తెరుచుకుంటుంది. ఏదైనా సరే, అప్పుడు ఆయనకు మీవాణ్ని అడగాల్సిన ప్రశ్నలు నాలుగైదు తయారవుతాయి. టైమర్ ఎంతసేపటికి తిరుగుతుంది, వైరు ఎంత మందం, ఎర్తింగ్ ఎలా ఇచ్చారు అని. వాటికి జవాబులు మీ ద్వారా నడవవు.

ఆదివారం వాడు ఫోన్ చేసినప్పుడు, నాన్న భోంచేశారా అని అడగ్గానే, “నువ్వే అడుగు” అని ఫోన్ పక్క గదిలోకి తీసుకెళ్లి ఆయన చేతికివ్వండి.